పద్దెనిమిది రోజుల స్వామి

అక్టోబర్ 24, గురువారం

డాక్టరమ్మ రాయమన్నది కాబట్టి రాస్తున్నాను. ఎవరికీ చూపించనక్కర్లేదట. తనకు కూడా. "నీకు నువ్వు అబద్ధం చెప్పుకోకుండా ఉంటే చాలు," అన్నది. అన్నిటికన్నా కష్టమైన షరతు అదేనని ఆమెకు తెలియదు పాపం.

శ్రీయుత మురళీధర్ గారు, వయస్సు ఇరవై ఏడు, బీటెక్, అర్ధవీడు మండలంలో ఒకానొక గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్, నేడు ట్రైనింగ్ ఉందని ఇంట్లో చెప్పి మార్కాపురం పోయినారు. అక్కడ గురువారం గురువారం వచ్చే మానసిక డాక్టరు ముందు కూర్చున్నారు. మగ డాక్టరు ఉంటాడనుకొని పోయినాను. లోపల రజిని మేడం. వెనక్కి తిరగబోతే కాంపౌండరు తలుపేసినాడు.

"ఏంది సమస్య?"

"ఫోను మేడం."

"ఎక్కువ చూస్తావా?"

"మామూలుగానే చూస్తాను మేడం. చూసేవే మామూలువి కాదు."

ఆమె నవ్వలేదు. "జోకులు అయిపోయినాక చెప్పు. నేను మూడింటి దాకా ఉంటా."

అయిపోయినాయి. చెప్పినాను. ఇంటర్ సెకండియర్‌లో, హాస్టల్లో మొదలు. తర్వాత రోజూ. పెళ్ళయితే పోతుందనుకున్నాను. మార్చిలో పెళ్ళయింది. అది పోలేదు. పావని దగ్గరికి పోవడమే పోయింది. ఈ ఏడు నెలల లెక్కకు ఒక చేతి వేళ్ళు కూడా ఎక్కువే.

"దీన్ని వ్యసనం అనాలా, ఇంకేమన్నా అనాలా అని పెద్ద పెద్ద డాక్టర్లు ఇంకా వాదించుకుంటున్నారు," అన్నది. "పేరు తేలేదాకా నువ్వు ఆగనక్కర్లేదు. మానాలనుకుంటున్నావు, మానలేకపోతున్నావు, కాపురం పాడవుతోంది. నాకది చాలు."

మెదడు గురించి చెప్పింది. అలసట, విసుగు, ఒంటరితనం, వీటిలో ఏదొచ్చినా చెయ్యి ఫోను మీదికి పోవడం మెదడుకు అలవాటైపోయిందట. చాలాసార్లు అది కోరిక కూడా కాదట. ఇది వినగానే కొంచెం అవమానంగా అనిపించింది. పదేళ్ళుగా కోరికలు రగిలే మనిషిననుకున్నాను. విసుగు పుట్టినోణ్ణట.

మూడు పనులు చెప్పింది. రోజూ రాయాల. ఫోను బాత్రూములోకి తీసుకపోగూడదు. పావనికి చెప్పాల.

మొదటి రెండూ చేస్తాను.

అక్టోబర్ 27, ఆదివారం

అమ్మ పొద్దున్నే గ్లాసుతో పసరు తెచ్చింది. అడవి అంచున ఎవరో ఇస్తారు, కడుపు పండడానికి. ఆదివారం, మంగళవారం, పరగడుపున.

"కళ్ళు మూసుకొని ఒకటే గుక్క తాగాల పావనీ."

"వాంతి వస్తది అత్తా."

"వస్తే రానీ. ఏడు నెలలాయె. నరసమ్మ కోడలికి నాలుగో నెలలోనే నిలబడింది."

పావని తాగింది. నేను అరుగు మీద కూర్చొని ఇడ్లీ తింటున్నాను. ఆమె గ్లాసు కడిగి బోర్లించి, నా ప్లేట్లో ఇంకో ఇడ్లీ వేసింది.

తిన్నాను.

అక్టోబర్ 29

ఉంది.

(ఇకమీదట ఇట్లనే. చూసిన రోజు ఉంది. చూడని రోజు లేదు. ప్రభుత్వ రికార్డు లాగ క్లుప్తంగా.)

అక్టోబర్ 30

ఉంది.

అక్టోబర్ 31

ఉంది. పండగ పూట కూడా. పావని దీపాలు పెడుతూ పిలిచింది. వస్తున్నా అన్నాను.

నవంబర్ 4, సోమవారం

అయ్యప్ప మాల వేసుకున్నాను.

నలభై ఒక్క రోజులు. తెల్లారకముందే చన్నీళ్ళు, నల్ల బట్టలు, చెప్పుల్లేవు, ఒంటిపూట భిక్ష, చాప మీద పడక, బ్రహ్మచర్యం. దీని ముందు నా జబ్బు ఎంత? కంభం పీఠంలో సంజీవరావు గురుస్వామి వేసినాడు. ఆయన ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైనాడు. శరణుఘోష చెప్పించేటప్పుడు కూడా ముందు గేరు, తర్వాత గేరు అన్నట్టు మెల్లగా పెంచుతాడు. "మొదటిసారి కాబట్టి కన్నె స్వామివి. అందరూ నిన్నే చూస్తుంటారు. జాగ్రత్త," అన్నాడు.

అమ్మ తెగ సంతోషపడింది. పిల్లల కోసమే అనుకుంది. నేను కాదనలేదు.

మాల ఉన్నన్నాళ్ళు భార్యకు దూరంగా పడుకోవాల. ఎందుకు దూరమని ఎవరూ అడగరు. నేను మాల వేసుకున్నది ఇందుకు కాదు. ఇందుకు మాత్రం కాదు.

పావని తనే చాప తెచ్చి ముందర గదిలో వేసింది. అప్పుడామె మొహం కనపడలేదు. చీకటిగా ఉంది.

లైటు వేసే ఉందనుకో.

నవంబర్ 5

లేదు.

నవంబర్ 6

లేదు. నాయన నా కాళ్ళకు మొక్కినాడు. అరవై ఏళ్ళ మనిషి, గొర్రెల దొడ్డి నుంచి వచ్చి, కాళ్ళు చేతులు కడుక్కొని, తలపాగా తీసి. "స్వామి శరణం," అన్నాడు. మొన్నటిదాకా "రేయ్ ఎద్దూ" అని పిలిచిన నోరు. నియమం ప్రకారం నేను కూడా "స్వామి శరణం" అన్నాను. నా గొంతు ఎవరిదో లాగ వినిపించింది.

నవంబర్ 7, 8, 9, 10

లేదు. లేదు. లేదు. లేదు.

సర్టిఫికెట్ల కోసం వచ్చినోళ్ళు కూడా "స్వామీ, ఇన్‌కమ్ సర్టిఫికెట్టు" అని చేతులు కట్టుకొని నిలబడుతున్నారు. సర్వర్ డౌన్ అంటే కూడా భక్తిగా తలూపి పోతున్నారు.

నవంబర్ 14, గురువారం

లేదు. పది రోజులు నిండినాయి.

నల్ల బట్టల్లోనే మార్కాపురం పోయినాను. క్యూలో వాళ్ళు దారిచ్చినారు. కాంపౌండరు లేచి నిలబడినాడు. ఒక ముసలామె తన మనవడికి బుద్ధి బాగుచేయమని నన్నే అడిగింది. లోపలుండే మేడం ఫీజు నాకిచ్చేటట్టుంది.

డాక్టరమ్మ మాల వైపు చూసి ఎగతాళి చేస్తుందనుకున్నాను. చేయలేదు.

"మంచిదే. కానీ ఎందుకు పనిచేస్తోందో తెలుసుకో. తెల్లారకముందే లేస్తున్నావు, తొందరగా నిద్రపోతున్నావు. సాయంత్రం పదిమందితో భజన. ఒంటరిగా ఉండే టైం లేదు. నలుగురి కళ్ళు నీమీద. ఇవన్నీ నేను రాసిచ్చే మందులే, నల్ల గుడ్డలో కట్టిచ్చినారు. డిసెంబర్ పదిహేనున మాల తీస్తావు. పదహారున ఏంది?"

"అయ్యప్ప చూసుకుంటాడు మేడం."

"పావనికి చెప్పినావా?"

"దీక్షలో ఉన్నా కదా మేడం. ఇట్లాంటి మాటలు మాట్లాడగూడదు."

ఆమె పెన్ను మూసి నా మొహంలోకి చూసింది. నేను గోడ మీద క్యాలెండరు చూసినాను.

ఇంటికొచ్చేసరికి పావని లేదు. నెలసరి. మాల ఉన్న ఇంట్లో ఉండగూడదని పక్కింటి నరసమ్మ పెద్దమ్మ వాళ్ళ వసారా గదికి పోయింది. ఏడు రోజులు అక్కడే తిండి, పడక.

నవంబర్ 17

లేదు. మా పెరట్లో మొహం కడుక్కుంటుంటే గోడవతల పావని కనపడింది. తల దించుకొని లోపలికి పోయింది. స్వామి కంటపడగూడదని. నేను ఆమెను తప్పించుకోవాలనుకుంటే, ఆమె నన్ను కాపాడుతోంది.

నవంబర్ 21, గురువారం

లేదు. పావని ఎనిమిదో రోజు తలస్నానం చేసి ఇంటికొచ్చింది. పసుపునీళ్ళు చల్లుకుంది. దూరం నుంచే "స్వామీ" అని చేతులు జోడించింది. చిక్కిపోయింది.

నవంబర్ 22

ఉంది.

నవంబర్ 23, శనివారం

వివరంగా రాయాల. డాక్టరమ్మ చెప్పింది: జారితే ఎక్కడ, ఎప్పుడు, దానికి ముందు ఏముందో రాయమని.

నిన్న మధ్యాహ్నం రెండున్నర. సచివాలయం. సర్వర్ డౌన్. మిగతావాళ్ళు మీటింగుకు పోయినారు. ఎండ లేదు, వాన లేదు, మనిషి లేడు. ఆకలి. నిద్ర. పావని చిక్కిపోయిన మొహం. ఫోను తీసింది వాట్సాప్ చూద్దామని. ఇది నిజమే. మొదట వాట్సాపే చూసినాను.

తర్వాత మెడలో మాల పట్టుకొని బల్ల మీద తల పెట్టినాను. భూమి బద్దలు కాలేదు. ఒక మేక వాకిట్లోకి వచ్చి కరెంటు బిల్లు నమలడం మొదలుపెట్టింది. లేచి దాన్ని తోలినాను.

సాయంత్రం పీఠానికి పోయి గురుస్వామిని పక్కకు పిలిచినాను. "నియమం తప్పింది స్వామీ. మాల తీసేయండి."

"ఏం నియమం?"

"చెప్పలేను."

"ఏడాదికి ఒకడన్నా ఇట్ల వస్తాడు. ఒకడు బీడీ, ఒకడు మందు. నూటెనిమిది శరణాలు చెప్పి, చన్నీళ్ళు పోసుకొని, రేపటి నుంచి సక్రమంగా ఉండు. మధ్యలో తీస్తే మంచిది కాదు."

"మా నాయన రోజూ కాళ్ళకు మొక్కుతున్నాడు స్వామీ. ఇంక మొక్కించుకోలేను."

"దేవుడితో అయితే నేను మధ్యలో ఉంటా. ఇంట్లో ఏం చెప్తావు?"

"చూస్తా స్వామీ."

తీసినాడు. మెడ తేలికైంది. పదేళ్ళలో నేను చేసిన మొదటి నిజాయితీ పని ఇది అనుకుంటూ ఇంటికొచ్చినాను. బస్సులో అదే మాట నాలుగుసార్లు అనుకున్నాను.

అమ్మ నా మెడ చూసి గుండె పట్టుకుంది. "ఎవురు పోయినార్రా? చావొస్తేనే గదా మధ్యలో తీసేది?"

"ఎవరూ పోలేదు."

"మరి మాలేది?"

"నియమం తప్పింది. గురుస్వామి తీసినాడు."

అమ్మ నన్నేమీ అడగలేదు. వంటింటి వైపు తిరిగింది. అక్కడ గుమ్మంలో పావని ఉంది.

"నిన్న గదా నువ్వొచ్చింది. వచ్చిన మర్నాడే మాల పాయె. సరిగ్గా లెక్కబెట్టినావా?"

"ఏడు రోజులు పూర్తిగా ఉన్నా అత్తా. నరసమ్మ పెద్దమ్మను అడుగు."

"స్వామి చాప తాకినావా? దీపం కాడికి పోయినావా?"

"లేదత్తా."

నేను తలనొప్పిగా ఉందని పడుకున్నాను. నేనేం అనలేదు. పావని వల్ల అని నేనొక్క మాట కూడా అనలేదు.

నవంబర్ 24

అమ్మ ఇల్లంతా కడిగించింది. పావనితో. రెండుసార్లు.

నేనేం అనలేదు.

నవంబర్ 25, సోమవారం

కుళాయి కాడ మాట పాకింది. ఆఫీసుకు పోతుంటే నరసమ్మ పెద్దమ్మ ఆపింది. "ఏం నాయనా, మా ఇంట్లో ఏడు రోజులు నిండుగా ఉన్నది ఆ పిల్ల. నేనే అన్నం పెట్టిన్యా. మీ అమ్మ ఏందట్ల మాట్లాడతాది?"

"ఆఫీసుకు టైమైంది పెద్దమ్మా."

అమ్మ నిర్ణయం: గురువారం భిక్ష వేళకు పావని పీఠానికి వచ్చి, స్వాములందరి కాళ్ళకు మొక్కి, అపరాధం అయిందని చెప్పుకోవాల. లేకపోతే ఇంట్లో పిల్లలు పుట్టరట. గురుస్వామి అవసరం లేదమ్మా అని కబురు పంపినా వినలేదు.

నేను చెప్తే అమ్మ తట్టుకోలేదు. బీపీ ఉంది. అందుకే ఆగుతున్నాను. బీపీ కోసం.

నవంబర్ 26, మంగళవారం

పొద్దున పసరు. తర్వాత పావని పెరట్లో నన్ను పట్టుకుంది. చేతిలో ఖాళీ గ్లాసు.

"నువ్వు చెప్పు. నా వల్లేనా? నేను తెలియక ఏమన్నా తాకినానా? తలుచుకొని తలుచుకొని పిచ్చిపడుతోంది. నువ్వన్నా చెప్పు."

ఏమో, అన్నాను.

ఏమో.

నవంబర్ 27, బుధవారం

పావని బట్టలు సర్దింది. మధ్యాహ్నం అన్నం పెడుతూ చెప్పింది, మామూలుగా, కూర ఏందో చెప్పినట్టు. "రేపు కాళ్ళు పట్టుకుంటా. మీ అమ్మ మనసు కుదుటపడుతుంది. అటు నుంచి అటే గిద్దలూరు, మా అమ్మోళ్ళ ఇంటికి పోతా. తీసుకపోవడానికి రావద్దు. నీకు నేనంటే ఇష్టం లేదని మార్చిలోనే తెలుసు. తప్పు నాలోనే ఏదో ఉంటుందని ఇన్నాళ్ళు వెతుక్కున్నా. ఇంక ఓపిక లేదు."

అన్నం ముందర నుంచి లేచి గుట్ట కాడికి పోయినాను. నాయన గొర్రెలు మేపుతున్నాడు. రాయి మీద కూర్చొని మొత్తం చెప్పినాను. ఫోను, హాస్టలు, పావని, మాల. నాయన గొర్రెలనే చూస్తూ విన్నాడు.

"నీతో మొక్కించుకున్నా నాయనా," అన్నాను చివర్లో.

"మొక్కింది మాలకిలే. నీకు కాదు." పక్కకు పోతున్న గొర్రెను అదిలించి, "ఆ పిల్లకు తెలుసా?" అన్నాడు.

"లేదు."

"మీ అమ్మకు?"

"లేదు."

"మరి నాకు చెప్పి ఏం జేస్తావురా. నాకు చెప్పడం తేలిక. ఆ గొర్రెలకు గూడా చెప్పు, అవి గూడా ఏమనవు."

ఈ మాట ఆయన నవ్వకుండానే అన్నాడు. నాకు జోకులు ఎక్కడి నుంచి వచ్చినాయో తెలిసింది. నేను కూడా నవ్వలేకపోయినాను.

"నువ్వు చెప్పు నాయనా అమ్మకు. నీ మాటైతే వింటది."

"నేను చెప్తే అది నా మాట అయితది," అని కర్ర తీసుకొని లేచినాడు.

నవంబర్ 28, గురువారం

పీఠంలో పదకొండుమంది స్వాములు వరసగా ఆకుల ముందు కూర్చున్నారు. గురుస్వామి మొదట. అమ్మ, నేను, పావని. నాయన లోపలికి రాలేదు, చెప్పులు గుమ్మంలో విడిచి బయటే నిలబడినాడు. పావని స్నానం చేసి తడి జుట్టుతో వచ్చింది. పక్కన బ్యాగు.

గురుస్వామిని పక్కకు పిలిచి నెమ్మదిగా చెప్దామని వచ్చినాను. రాత్రంతా వాక్యాలు కట్టుకున్నాను. "మానసిక ఒత్తిడి వల్ల కలిగిన ఒకానొక బలహీనత" అని. సర్క్యులర్ భాష.

పావని వంగింది. గురుస్వామి చటుక్కున కాళ్ళు పంచె కిందికి లాక్కున్నాడు. ఆమె చేతులు ఖాళీ నేల మీద పడినాయి. కాళ్ళ కోసం వెతుక్కున్నాయి.

"ఆమె కాదు," అన్నాను. గట్టిగానే వచ్చింది. "తప్పింది నేను. ఫోనులో పాడు వీడియోలు చూసినా. మాల మెడలో ఉండగానే. పెళ్ళికి ముందు నుంచి చూస్తున్నా, రోజూ. నేను పావని దగ్గరికి పోయిందే తక్కువమ్మా. పిల్లలెట్ల పుడతారు? ఆ పిల్లకెందుకు పసరు?"

ఒక స్వామి దగ్గినాడు. ఇంకొకాయన ఆకు మీది నీళ్ళు మళ్ళీ మళ్ళీ తుడుస్తున్నాడు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. బీపీకి ఏమీ కాలేదు. కళ్ళలోనే ఏదో అయింది.

"లేమ్మా," అన్నాడు గురుస్వామి పావనితో. "పైకి లే తల్లీ." తర్వాత నాతో, "కూర్చో మురళీ. భిక్ష చేసి పో."

పావని లేచి బ్యాగు తీసుకుంది. బస్టాండు దాకా వెనకే నడిచినాను. గిద్దలూరు బస్సు కోసం నిలబడినాం. బస్సు వచ్చే దారి చూస్తూ అడిగింది.

"ఎన్నేళ్ళ నుంచి?"

"పది."

"నేను నల్లగా ఉన్నాననుకున్నా," అన్నది. "నోరు వాసనేమో అనుకున్నా. ఇంకా ఏవేవో అనుకున్నా. అద్దం ముందర నిలబడి లెక్కపెట్టుకున్నా ఒక్కొక్కటి."

బస్సు వచ్చింది. ఎక్కింది.

నవంబర్ 29

లేదు.

నవంబర్ 30, శనివారం

ఉంది. ఒప్పుకోవడంతోనే పోతుందనుకున్నాను. మళ్ళీ అదే తెలివి.

తేడా ఒకటి: ఈసారి తర్వాత ఫోను వంటింట్లో అమ్మకు ఇచ్చి, పొద్దున దాకా దగ్గర పెట్టుకోమన్నాను. ఎందుకని అడగలేదు. బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించింది.

డిసెంబర్ 1, ఆదివారం

లేదు. లోపల మంచం మీద ఉన్నాను. కుళాయి కాడ నరసమ్మ పెద్దమ్మ గొంతు: "కోడలు పుట్టింటికి పోయిందంటనే పుల్లమ్మా?"

అమ్మ బిందె కింద పెట్టిన చప్పుడు. "పోయింది. తప్పు మావాడిది. నాది గూడా ఉంది. ఆ పిల్లది లేదు. ఎవురన్నా అడిగితే ఇట్లనే చెప్పు."

ఊరంతా వినేటట్టు చెప్పింది. నేను దుప్పటి కప్పుకున్నాను. ఎండకాలం కాదు కదా.

డిసెంబర్ 3, మంగళవారం

లేదు. పావని ఫోను చేసింది.

"మళ్ళీ చూసినావా?"

లేదు అని నోటి దాకా వచ్చింది. "శనివారం," అన్నాను.

అటు వైపు వాళ్ళింట్లో కుక్కర్ కూసింది.

"ఆ డాక్టరు ఎక్కడుంటది?"

"మార్కాపురం. గురువారాలు."

"నువ్వు రా. నేను ఇట్నుంచి వస్తా. దీనర్థం ఇంటికొస్తానని కాదు."

"సరే."

"అట్లని రానని గూడా కాదు. నాకింకా తెలియదు."

డిసెంబర్ 5, గురువారం. ఆస్పత్రి బెంచీ మీద

ఆదివారం నుంచి లేదు. ఇదేం గొప్ప కాదు, రికార్డు కోసం.

పావని నాకంటే ముందే వచ్చింది. బెంచీకి ఆ చివర ఆమె, ఈ చివర నేను. మధ్యలో ఎవరిదో హెల్మెట్. పేరు పిలిచినారు: మురళీధర్. లేచినాను. ఆమె కూడా లేచింది.

"నువ్వు కూర్చో. ముందు నేను మాట్లాడతా," అన్నది.

"పేషెంటు నేను కదా."

జోకు కాదు. అలవాటుగా వచ్చింది. ఆమె నా వైపు చూడకుండా లోపలికి పోయింది. కాంపౌండరు తలుపేసినాడు.

నలభై నిమిషాలైంది. క్యూలో వాళ్ళు విసుక్కుంటున్నారు. ఇంత సేపేంది అని ఒకాయన నన్నే అడిగినాడు. లోపల పావని గొంతు వినిపిస్తోంది. మాటలు తెలియడం లేదు. మధ్యలో ఆగుతోంది, మళ్ళీ మొదలుపెడుతోంది. మార్చి నుంచి ఇంత సేపు మాట్లాడగా నేను వినలేదు.

కాంపౌండరు తలుపు తట్టబోయినాడు. చెయ్యి పట్టుకొని ఆపినాను.

"మాట్లాడనీ అన్నా," అన్నాను.